‘ఆపద’ అను మాట – దాని అర్థము, వాడుక



సెంగ్‌కాంగ్‌లో మా యింటి ముందుగదియందు ప్రతి ఆదివారము సాయంకాలము ఒక చిన్న తెలుగు తరగతి జరుగుచుండును. పిల్లలు తొమ్మిదిమంది. ఈ నగరపు బడులలో తెలుగు మాతృభాషా పాఠ్యముగా లేదు గనుక మన పిల్లలు కొందరు తమిళమును, కొందరు హిందీని చదువుకొందురు. తెలుగు మాత్రము ఇంటివద్దనో, కోవెలవద్దనో, ఇట్టి ముందుగదులలోనో నేర్చుకొనవలసినదే. నేనును అట్లు నేర్చుకొన్నదాననే. దిగువ పేరాక్‌లోని బగాన్ డాటో ప్రాంతపు కొబ్బరితోటలో, కోవెల అరుగుమీద, ఇసుకలో వ్రేలితో ఓనమాలు దిద్దితిని. వృత్తిరీత్యా గణితోపాధ్యాయురాలను. కావున ఈ వ్యాసమున పండితులకు భాషాదోషములు కనబడినచో మన్నింతురు గాక.

కొంతకాలము క్రిందట ‘ఆపద’ అను మాటను సొంత వాక్యములో ప్రయోగింపుడని పిల్లలకు చెప్పితిని. తమిళము చదువు బాలుడు “కరెంటు పెట్టెను ముట్టుట ఆపద” అని వ్రాసెను. హిందీ చదువు బాలిక “భూకంపము ఒక ఆపద” అని వ్రాసెను. పదునాలుగవ అంతస్తున నివసించు మూడవ పిల్లవాడు “మా లిఫ్టు చెడిపోయినది, మేము ఆపదలో ఉన్నాము” అని వ్రాయగా అందరును పకపక నవ్విరి. మొదటివాని మనసులో తమిళపు ‘ఆబత్తు’ ఉన్నది. ముందుగా హెచ్చరించి తప్పించుకొనదగిన దానికి వారు ఆ మాట వాడుదురు. రెండవ బిడ్డ మనసులో హిందీవారి ‘ఆపదా’ ఉన్నది. మొదటి రెండు వాక్యములును నా చెవికి తెలుగువలె వినబడలేదు. మూడవది మాత్రము, నవ్వు పుట్టించినదైనను, తెలుగువలెనే వినబడినది. ఎఱ్ఱసిరా కలము చేతబట్టి కారణము చెప్పబోయితిని గాని చెప్పలేకపోతిని. ఆ వారమంతయు నిఘంటువులు తిరుగవేసి, మా నాయనమ్మ మాటలను జ్ఞప్తికి దెచ్చుకొని కూర్చుకొన్న పాఠము ఇది.

సంస్కృతమున ‘పద్’ అను ధాతువు కలదు. ధాతుపాఠమున దానికి గతి, అనగా పోవుట, అని అర్థము చెప్పబడినది. పడుట అను అర్థమును కలదు. నడచెడి కాలికి ‘పదము’ అను పేరు దీనినుండియే వచ్చినది. ఈ ధాతువునకు ముందు ఉపసర్గ మారినకొలది మనుష్యుని గతియే మారిపోవుట చూడుడు. ‘సం’ చేరినచో సంపద, అన్నియు కూడివచ్చుట. ‘వి’ చేరినచో విపత్తు, విడివడి చెడుట. ‘ప్ర’ చేరినచో ప్రపత్తి. భగవంతుని శరణు జొచ్చుట. ‘ఆ’ చేరినచో ఆపద; మనమీదికి వచ్చుట. ఆయా స్థితులలో నున్నవారు సంపన్నుడు, విపన్నుడు, ప్రపన్నుడు, ఆపన్నుడు. నలుగురును ఒక్క తల్లి బిడ్డలే.

ఇందు ‘ఆపన్న’ శబ్దము నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపినది. అమరకోశమున గర్భిణికి చెప్పిన పేర్లలో ‘ఆపన్నసత్త్వ’ అనునది యొకటి. తనయందు ఒక ప్రాణి వచ్చి చేరినది యని అర్థము. అనగా ఆపన్నమునకు మొదట చెడుతనము లేదు. వచ్చి చేరుట మాత్రమే కలదు. చెడుగు వాడుకవలన చేరినది. మా నాయనమ్మకు అక్షరము ముక్క రాదు. అయినను ఆమె ఎప్పుడును “ఆపదొచ్చి పడిందమ్మా” అనెడిది. ‘వచ్చిపడు’ అను తెలుగు క్రియకును, ‘ఆ’ ఉపసర్గతో కూడిన ‘పద్’ ధాతువునకును ఇంత దగ్గర పోలిక యున్నదని ఆమెకు ఎవరు చెప్పిరి?

అమరసింహుడు సంపదకు పర్యాయపదములు చెప్పిన వెంటనే విపత్తును, ఆపదను ఒకేచోట చేర్చి, రెండింటికిని భేదము చూపక సాగిపోయెను. భేదము కల్పించినది మన తెలుగు వాడుక.

వ్రాతను గూర్చి ఒక్క మాట చెప్పి ముందుకు పోవుదము. మూలశబ్దము దకారాంతము. పరుషము పరమైనచో ‘ఆపత్కాలము’, సరళము పరమైనచో ‘ఆపద్బాంధవుడు’. ఈ రెండవ మాటను ‘ఆపద్భాంధవుడు’ అని వ్రాయువారు పెక్కుమంది. బంధువునుండి పుట్టిన బాంధవునకు వత్తు అక్కరలేదు. 1992లో కె. విశ్వనాథ్ తీసిన చలనచిత్రము పేరు ఇదియే గనుక మీ యింట దాని పెట్టె యున్నచో తీసి చూచుకొనుడు. ‘ఆపద్ధర్మము’ అనునప్పుడు దకారము క్రింద ధకారపు వత్తు తప్పనిసరి.

ఇక ఇరుగుపొరుగు మాటలు. ఈ ఊరిలో విద్యుత్ కేంద్రముల గోడలమీదను, కట్టడములు లేచుచున్న చోట్లను నాలుగు భాషలలో హెచ్చరిక పలకలు కనబడును. అందలి తమిళపు పంక్తిలో ‘అపాయం’ అని యుండును. ఆ మాట మనదియు. అపాయమనగా ఇంకను జరుగనిది, దగ్గరకు పోయినచో జరుగునది. కాబట్టి మొదటి బాలుడు వ్రాయవలసినది ‘కరెంటు పెట్టెను ముట్టుట అపాయము’ అని. అదే పలకమీద మలయులు వ్రాయు ‘బహాయ’ మన ‘భయ’మే. మలయులు పెద్ద విపత్తుకు ‘బెంచాన’ అందురు. అది మన ‘వంచన’ నుండి వచ్చినది. మోసమను మాట విపత్తుగా ఎట్లు మారెనో భాషాశాస్త్రజ్ఞులు చెప్పవలెను గాని, తోటలకు వచ్చినవారి మనుమలమైన మనకు అది వింతగా తోచదు.

ప్రమాదమనగా సంస్కృతమున ఏమరుపాటు. తెలుగున ఆ ఏమరుపాటువలన జరుగునది. గండము జాతకమునకు సంబంధించినది, గడిచిపోవును. ఉపద్రవము ఊరిమీదనో దేశముమీదనో పరుగెత్తుకొని వచ్చునది. ‘ద్రు’ ధాతువునకు పరుగు అని అర్థము. మహమ్మారి రోగములకు చెందినది. తోటల కోవెలలలోని మారియమ్మను తలచుకొన్నచో ఆ మాట పుట్టుక తెలియును. ఉప్పెన అచ్చతెనుగు, సముద్రమును చూచిన జాతికి మాత్రమే అట్టి మాట యుండును.

విపత్తువద్ద కొంచెము నిలువవలెను. 1977 నవంబరు 19వ తేదీన కృష్ణాజిల్లా దివిసీమను ఉప్పెన ముంచివేసెను. ప్రభుత్వపు లెక్కలోనే దాదాపు 10,000 మంది మరణించిరి. దానిని విపత్తు అనవచ్చును, ఉపద్రవము అనవచ్చును. ‘దివిసీమలో ఘోరమైన ఆపద సంభవించినది’ అని మాత్రము చెవి ఒప్పుకొనదు. అయితే ఆ రాత్రి తాడిచెట్టును కౌగిలించుకొని తెల్లవారువరకు వ్రేలాడిన మనిషి ఉన్నాడే, అతడు ఆపదలో ఉన్నాడు. విపత్తు లెక్కకు వచ్చును: ఎన్ని ఊళ్లు, ఎన్ని ప్రాణములు, ఎన్ని పశువులు. అది ‘సంభవించును’, ‘నష్టము కలిగించును’, ‘నివారింపబడును’. ఆపదయందు మనిషి ఉండును. ‘ఆపదలో’ అను రూపములోనే ఈ మాట ఎక్కువగా వినబడుట యాదృచ్ఛికము కాదని నా అభిప్రాయము.

దీనికి చక్కని సాక్ష్యము ప్రభుత్వపు పత్రములలోనే దొరికినది. భారతదేశమున 2005లో ఒక చట్టము వచ్చినది. దానివలన ఏర్పడిన జాతీయ సంస్థ పేరులో హిందీవారు ‘ఆపదా’ అను మాట పెట్టుకొనిరి. తెలుగువారు అదే సంస్థను ‘జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ’ అందురు. ఆపదను నిర్వహించుట యనినచో తెలుగు చెవికి ఏదో వెలితి. హిందీ చదువు మా బాలిక వాక్యము హిందీలో సరియైనదే. తెలుగులో ‘భూకంపము ఒక విపత్తు’ అని దిద్దవలెను.

మరి ఆపదను ఏమి చేయుదురు? ఆదుకొందురు, కాతురు, గట్టెక్కింతురు. ఈ క్రియలన్నిటికిని రెండవ మనిషి కావలెను. ఆపద్బాంధవుడు, ఆపన్నహస్తము, ఆపన్నులను ఆదుకొనుట అనునవి చూడుడు. ఈ మాట ఎక్కడికి పోయినను తనవెంట ఒక తోడును వెదకుకొనుచు పోవును. పోతన భాగవతములోని గజేంద్రుని కథ మన పిల్లలందరికిని తెలిసినదే. మొసలి నోట కాలు చిక్కిన ఏనుగు స్థితి ఆపద. పిలుపు అందులోని భాగము. పిలువదగినవాడు ఎవ్వడును లేనిచోట తెలుగు ఈ మాటను సులభముగా వాడదు. అందుకు ‘దిక్కులేనితనము’ అను వేరొక మాట యున్నది.

ఆపద్ధర్మమను మాట గౌరవము గలది. మహాభారతమున శాంతిపర్వములో ఆపద్ధర్మపర్వమను భాగమే కలదు. పన్నెండేండ్ల అనావృష్టిలో ఆకలికి తాళలేక విశ్వామిత్రుడు చండాలుని గుడిసెలో కుక్క మాంసమును దొంగిలింపబోయిన కథ అందులోనిదే. కష్టకాలమున ధర్మము కొంత వంగవచ్చును గాని అది ఆ కాలమునకే, ఆ మనిషికే. ఇంత బరువైన మాటకు పట్టిన గతి చూడుడు. 2018 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ రద్దయిన తరువాత కొత్త ప్రభుత్వము వచ్చువరకు పత్రికలవారు ‘ఆపద్ధర్మ ముఖ్యమంత్రి’ అని వ్రాసిరి. ఎన్నికల మధ్యకాలమును విశ్వామిత్రుని ఆకలితో పోల్చుట నాకు కొంచెము నవ్వు తెప్పించును. అయినను మాట స్థిరపడినది; కాదనుటకు నేనెవరిని?

నిఘంటువులు చెప్పినది ఇంతవరకే. ఇకమీద మా నాయనమ్మ చెప్పినది.

మా తాతగారి తండ్రి శ్రీకాకుళము ప్రాంతమునుండి మలయాకు వచ్చినవాడు. ఒప్పందపు కూలీ పద్ధతి 1910లో ఆగిపోగా, తరువాత కంగాణీలు మనుష్యులను తెచ్చిరి. 1938లో భారత ప్రభుత్వము దానినిగూడ నిలిపివేసెను. తాతగారు తోటలోనే పుట్టిరి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానువారి వశమైనది. మలయా అంతయు అంతకు ముందే వారి చేత చిక్కినది. 1943లో మా తోటకు లారీలు వచ్చెను. మూడునెలల పని, కూలియు బియ్యమును ఇత్తుమని చెప్పి, ఒప్పుకొన్నవారిని, ఒప్పుకొననివారిని గూడ ఎక్కించుకొని పోయిరి. ఆ లారీలలో తాతగారు ఉండిరి.

ఆ పని సయాము నుండి బర్మాకు వేసిన రైలుమార్గము. సయాములోని బాన్ పోంగ్ నుండి బర్మాలోని తన్బ్యుజయాత్ వరకు 415 కిలోమీటర్లు. 1943 అక్టోబరునకు పూర్తియైనది. అందు యుద్ధఖైదీలు 12,000 మందికి పైగా చనిపోయిరి. మలయా తోటల తమిళులు, తెలుగువారు, బర్మావారు, జావావారు మొదలైన ఆసియా కూలీలలో చనిపోయినవారు 90,000 వరకు ఉందురని అంచనా. 1943 వానకాలమున కలరా వారి గుడిసెలను ఊడ్చివేసెను. ఖైదీల సమాధులు కాంచనబురిలో వరుసలు తీరి, పేర్లతో ఉన్నవి. కూలీలకు అట్టి వరుసలు లేవు.

చరిత్ర వ్రాయునపుడు దీనిని విపత్తు అనవలెను. 90,000 అను అంకె ప్రక్కన వేరొక మాట నిలువదు. తాతగారు దానిని ‘సయాము’ అని మాత్రమే అనెడివారు. అదియు ఎన్నడో ఒకనాడు. నాయనమ్మ మాత్రము “ఆపద” అనెడిది. “మీ తాతకి ఆపదొచ్చినప్పుడు” అని మొదలుపెట్టినదనిన, ఏ కాలముమాటో మాకు తెలియును. లక్షమంది వెళ్లినచోట ఆమెకు ఒక్కరు మాత్రమే కనబడుట స్వార్థమని చిన్నతనమున అనుకొంటిని. ఆ మాట ఎట్టిదో ఇప్పుడు తెలిసిన తరువాత అట్లు అనుకొనజాలను.

లారీలు వెళ్లిన నాటి సాయంకాలమే ఆమె ఒక చదరపు సెంటు నాణెమును పసుపుగుడ్డలో ముడుపు కట్టెను. యుద్ధమునకు ముందు మలయాలో చెల్లిన, ఆరవ జార్జి బొమ్మ గల ఆ సెంటును మీలో పెద్దవారు ఎరుగుదురు. భర్త తిరిగివచ్చినచో ఏడుకొండలెక్కి తలనీలాలిచ్చి ముడుపు చెల్లింతునని మ్రొక్కుకొని, దానిని ఇంటి వాసమునకు వ్రేలాడదీసెను. ఆపదమ్రొక్కులవాడని తిరుపతి వేంకటేశ్వరునకు పేరు. ఆ కొండలను ఆమె ఎన్నడును చూచియుండలేదు.

తాతగారు 1945 చివర తిరిగివచ్చిరి. కాలిమీద ఆరని పుండు, నోట మాట లేదు, అయినను వచ్చిరి. అటుపిమ్మట డబ్బు లేదు. 1948 నుండి పండ్రెండేండ్లు అడవిలో తిరుగుబాటు, తోటలమీద కట్టుబాట్లు. తరువాత పిల్లల చదువులు, పెండ్లిండ్లు, ఇల్లు. ముడుపు వాసమునుండి పెట్టెలోనికి దిగినది. ‘ఆపద మ్రొక్కులు, సంపద మరపులు’ అని మన సామెత. అందరును దీనిని ఇతరులను ఎత్తిపొడుచుటకు వాడుదురు. నాయనమ్మ తన్నుతాను అనుకొనెడిది. అదియు పండుగనాడు, విస్తరిలో బూరెలు వడ్డించుచు. సామెతలో ఆపద, సంపద పక్కపక్కన నిలుచుట ప్రాసకొరకే యనుకొంటిని. రెండును ఒకే ధాతువునుండి పుట్టినవని ఈ పాఠమునకై వెదకునప్పుడే తెలిసినది.

ఆమె 1986లో పోయినది. 2001లో మేము సెంగ్‌కాంగ్‌కు మారునప్పుడు ఆ పెట్టె నావంతునకు వచ్చినది. తెరచినచో ముడుపు. అప్పుడైన వెళ్లవలసినది. మ్రొక్కు మ్రొక్కినవారితోనే పోవునని మా అన్నగారు, పోదని మా వదినగారు వాదించుకొనిరి. నేను ఉద్యోగము, పరీక్షలు, పిల్లలు అని దానిని దేవుని అరలో పెట్టి తలుపు వేసితిని.

2020లో వ్యాధి వ్యాపించినపుడు ఏప్రిల్ 7 నుండి జూన్ 1 వరకు ఈ దేశమున అందరము ఇండ్లలోనే ఉంటిమి. వలసకార్మికుల వసతిగృహములలో వ్యాధి ఎక్కువగుటచే వారిని బయటకు రానీయలేదు. మాకు ప్రక్కనున్న పుంగోల్‌లోను అట్టివి కలవు. తెలుగు తెలిసినవారు కావలెనని ఎవరో స్వచ్ఛందసేవకులు నా ఫోను నంబరు తీసికొనిరి. ఒకరాత్రి ఒక కుర్రవాడు పిలిచెను. శ్రీకాకుళము యాస. “మా గదిలో ఉన్నోడికి జ్వరమొస్తే తీసుకెళ్లిపోయారమ్మా. ఎక్కడున్నాడో తెలీదు. వాళ్లమ్మ ఫోన్ చేస్తంది, ఏం చెప్పాలి? ఆపదలో ఉన్నామమ్మా.” పత్రికలన్నియు ‘మహమ్మారి’ అని, ‘విపత్తు’ అని వ్రాయుచున్న రోజులవి. అతడు ఆ మాటలు వాడలేదు. మూడు చోట్లకు ఫోను చేయగా, ఆ రోగి ఆసుపత్రిలో క్షేమముగా నున్నాడని మరునాడు తెలిసినది. అతని తల్లికి నేనే చెప్పితిని. ఆ మాటకు రెండవ మనిషి కావలెనని ఇప్పుడు వ్రాయుచున్నాను గాని, ఆ రాత్రి అది తెలిసి చేసిన పని కాదు.

లిఫ్టు పిల్లవాని వాక్యమును దిద్దలేదు. వారి యింట చక్రముల కుర్చీలో తిరుగు అమ్మమ్మ యున్నది; లిఫ్టు ఆగిననాడు ఆమెను ఆసుపత్రికి తీసికొనిపోవలసియుండెను. పొరుగువారు ఇద్దరు కుర్చీతోసహా మోసికొని దిగిరట. నవ్విన పిల్లలు అది విని ఊరకుండిరి.

పాఠము ముగిసిన తరువాత ముడుపును తెచ్చి పిల్లలకు చూపితిని. గుడ్డ పసుపు వెలిసిపోయినది. ముడి విప్పలేదు, చదరపు అంచులు పైనుండియే చేతికి తగులును. ఈ డిసెంబరు సెలవులలో తిరుపతికి పోవుటకు మా అన్నగారితో గూడ టిక్కెట్లు తీసికొంటిమని చెప్పితిని. వేంకటేశ్వరుడు పెండ్లికి కుబేరునివద్ద అప్పుచేసి నేటికిని వడ్డీ కట్టుచున్నాడనియు, అందుకే వడ్డికాసులవాడనియు చెప్పగా, హిందీ చదువు బాలిక కాగితము తీసికొని, నూటికి ఐదు చొప్పున చక్రవడ్డీతో ఒక సెంటు 80 ఏండ్లకు ఎంతయగునో లెక్కకట్టినది. దాదాపు 50 సెంట్లు. రెండుసార్లు సరిచూచుకొని, తల ఎత్తి, “అంతేనా, టీచర్?” అని అడిగినది.